ముందు నానాలి, తర్వాతే కదలాలి



ఇవాళ మలబద్ధకం గురించి మాట్లాడుకుందామండి. కాఫీ తాగుతూ రేడియో పెట్టుకున్నవాళ్లు కాస్త ఓర్చుకోండి. ఇంట్లో పెద్దాయన పొద్దున్నే "ఇవాళ కూడా కాలేదే" అన్నారంటే ఆ మాట దేని గురించో అందరికీ తెలుసు. బయట మాత్రం ఎవరం ఎత్తం. ఎత్తకుండా ఏం చేస్తాం? ఎవరో చెప్పిన ఆకు, ఏదో చూర్ణం, గుట్టుగా తెచ్చుకుని వాడేస్తాం. ఏళ్ల తరబడి వాడేస్తాం. చిక్కంతా ఆ గుట్టులోనే ఉంది.

మన కోనసీమలో ఈ బాధకి మందు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూడండి. ఆముదం ఇంట్లోదే. వెనకటి రోజుల్లో నెలకోసారి పిల్లల్ని పట్టుకుని, ముక్కు మూసి మరీ పట్టించేవారు. కరక్కాయ పచారీ కొట్లో దొరుకుతుంది. ఇంకో దారి కూడా ఉంది. అది గల్ఫ్ దారి. రాజోలు, మలికిపురం, పి.గన్నవరం, అమలాపురం వైపు ఊళ్లలో కువైట్‌కో, మస్కట్‌కో, దుబాయ్‌కో పనికి వెళ్లిన మనిషి లేని వీధి తక్కువ. ముఖ్యంగా ఆడవాళ్లు. ఇళ్లల్లో పనికి కుదురుతారు. సెలవుకి వచ్చేటప్పుడు పెట్టె నిండా సామాను. ఖర్జూరం, ఎండు అంజూరం, కుంకుమపువ్వు. వాటి మధ్య ఒక్కోసారి ఎండిన ఆకుల పొట్లం.

"పిన్నీ, మా మేడమ్ వాళ్లింట్లో ఇదే తాగుతారు. రాత్రి మరిగించి తాగావంటే తెల్లారేసరికి కడుపు ఖాళీ" అని చేతిలో పెడుతుంది ఆ పిల్ల. పిన్ని తాగుతుంది. తెల్లారేసరికి నిజంగానే ఖాళీ. మధ్యలో కడుపు మెలిపెట్టేసిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఆకు పేరు సనా. మన దగ్గర సునాముఖి అంటారు, నేలతంగేడు అని కూడా అంటారు. తమాషా ఏమిటంటే, ఇది తమిళనాడులో తిరునెల్వేలి వైపు చేలల్లో తరతరాలుగా పండుతోంది. అక్కడి నుంచి ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది. మనవాళ్లు విమానంలో మోసుకొచ్చేదాంట్లో మన పక్క రాష్ట్రంలో పండిందే ఉన్నా ఆశ్చర్యం లేదు.

కువైట్‌లో తరాల కిందట ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ముబారకియా బజారులో మూలికల కొట్లున్నాయి. అంచేత మనవాళ్లు తెచ్చే పొట్లాల్లో పారసీక వైద్యం వాసన ఉంటుంది. ఆ వైద్యం మనకి కొత్తదేం కాదు. మనం యునానీ అంటున్నది దాని చుట్టమే. గ్రీకుల దగ్గర మొదలైంది. పారసీక దేశపు వైద్యులు దాన్ని పెంచి పెద్దచేశారు. వాళ్లలో పెద్దపేరు ఇబ్న్ సీనా. 980లో పుట్టాడు, 1037లో పోయాడు. ఆయన రాసిన వైద్య గ్రంథాన్ని యూరప్‌లో కూడా శతాబ్దాల పాటు చదువుకున్నారు.

మన వైపు ఎలా వచ్చింది? 16వ శతాబ్దం చివరికి గోల్కొండ ఏలుబడి రాజమహేంద్రవరం దాకా పాకింది. మచిలీపట్నం రేవు నుంచి పారసీక దేశానికి ఓడలు నడిచేవి. అదే కాలంలో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదులో దారుష్షిఫా అనే ఆస్పత్రి కట్టించాడు. ఇప్పటికీ చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆస్పత్రి ఉంది. మన రాష్ట్రంలో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరు మీద యునానీ వైద్య కళాశాల ఉంది. ఇంత దూరం ఎందుకండీ, జలుబు చేస్తే మీరు వాసన చూసే జిందా తిలిస్మాత్ సీసా కూడా యునానీదే. 1920లో హైదరాబాదులో మొదలైంది.

చరిత్ర చాలు. అసలు విషయానికి వద్దాం.

ఈ హకీముల, అంటే యునానీ వైద్యుల, పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వాళ్లు కడుపు శుభ్రం చెయ్యడాన్ని రెండు మెట్లు చేశారు. లోపల ఉన్నదాన్ని మెత్తబరిచి, కదలడానికి సిద్ధం చెయ్యడం మొదటి మెట్టు. ఆ మందుల్ని ముంజిజ్ అంటారు. బయటికి పంపడం రెండో మెట్టు. ఆ మందుల్ని ముస్‌హిల్ అంటారు. పేర్లు మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వరస గుర్తుపెట్టుకోండి. ముందు నానాలి, తర్వాతే కదలాలి.

వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. చేలో బోదె ఎండి, అడుగున ఒండ్రు బీటలు వారుతుంది. ఆ ఎండుమట్టి మీద గునపం వేసి చూడండి. మట్టి పెళ్లలతో పాటు గట్టు కూడా ఊడి వస్తుంది. ఒక రాత్రి నీళ్లు పెట్టి వదిలేశారనుకోండి. పొద్దున్న పారతో లాగితే జారిపోతుంది. గట్టుకి దెబ్బ తగలదు. పేగు కూడా అలాంటిదే. లోపల మలం ఎండి గట్టిపడ్డప్పుడు సునాముఖి లాంటిది వేసుకోవడం గునపం దించడమే.

ఎందుకు ఎండుతుంది? చెప్తాను. మన పెద్దపేగు చేసే పనుల్లో ముఖ్యమైనది నీళ్లు పీల్చుకోవడం. చిన్నపేగు నుంచి వచ్చేది పల్చగా ఉంటుంది. పెద్దపేగు అందులోంచి నీళ్లు లాగేసుకుంటూ గట్టి చేస్తుంది. అక్కడ ఎంతసేపు ఉంటే అంత ఎండుతుంది. ఒకరోజు ఆగితే గట్టి. మూడు రోజులు ఆగితే రాయి. అప్పుడు ముక్కితే పగుళ్లు, రక్తం, మొలలు.

ఇంతకీ మలబద్ధకం అంటే ఏమిటి? రోజూ వెళ్లకపోతే జబ్బే అనుకుంటారు చాలామంది. అలా ఏం లేదండి. రెండు రోజులకోసారి వెళ్లినా, బాధ లేకుండా మెత్తగా అయిపోతే అది కొందరి శరీరతత్వం. వారానికి మూడుసార్లు కూడా కాకపోవడం, అయినప్పుడు బాగా ముక్కాల్సి రావడం, గట్టి ఉండల్లా రావడం, అయ్యాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపించడం, ఇవి లక్షణాలు. రోజూ పొద్దున్న ఆరింటికి కాలేదని మందు వేసుకునే పెద్దాయనకి నిజానికి మందు అక్కర్లేకపోవచ్చు.

సరే, నానబెట్టే మందు ఏది? ఇసబ్‌గుల్. మందుల షాపులో, పచారీ కొట్లో, ఎక్కడ అడిగినా ఇస్తారు. తెల్లగా, తేలిగ్గా, తవుడు రేకుల్లా ఉంటుంది. అది ఒక చిన్న మొక్క గింజ మీది పొట్టు. పుట్టిల్లు పశ్చిమాసియా, అంటే ఇరాన్ వైపు. ఇప్పుడు గుజరాత్, రాజస్థాన్ చేలల్లో విపరీతంగా పండుతుంది. ఈ పంటలో ప్రపంచంలోనే మన దేశానిది ముందు వరస. పారసీక వైద్యులు వాడారు, హకీములు వాడారు, ఇప్పటి ఇంగ్లీషు డాక్టర్లూ రాస్తున్నారు. ఇంతమంది ఒప్పుకున్న మందులు తక్కువండీ.

మీరు ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యండి. అరగ్లాసు నీళ్లలో ఒక చెంచా ఇసబ్‌గుల్ పొట్టు వెయ్యండి. కలపండి. పక్కన పెట్టి మీ పని చూసుకోండి. కాసేపటికి వచ్చి చూస్తే గ్లాసులో జావ తయారై ఉంటుంది. ఇంకాసేపు ఆగితే చెంచా నిలబడుతుంది. నీళ్లన్నీ ఏమయ్యాయి? పొట్టు పట్టుకుంది. పేగులో కూడా ఇదే జరుగుతుంది. నీళ్లని పట్టుకుని ఉంచుతుంది. పెద్దపేగు లాగేసుకోకుండా అడ్డుపడుతుంది. మలం మెత్తగా, జారుడుగా, కాస్త ఎక్కువగా తయారవుతుంది. ఎక్కువైతే పేగు తనంతట తనే కదులుతుంది.

ఇప్పుడు ఆ గ్లాసు నీళ్లు లేకుండా పొట్టు మింగారనుకోండి. అది మీ గొంతులో నీళ్లు వెతుక్కుంటుంది. గొంతులో ఉబ్బితే ఊపిరాడదు. పేగులో ఉబ్బి ఆగిపోతే అడ్డం పడుతుంది. అంచేత ఒక మాట రెండుసార్లు చెప్తాను. ఇసబ్‌గుల్‌తో పాటు నిండుగ్లాసు నీళ్లు. ఇసబ్‌గుల్‌తో పాటు నిండుగ్లాసు నీళ్లు. కలిపిన వెంటనే తాగెయ్యాలి, జావయ్యేదాకా ఆగకూడదు. ఆపైన ఇంకో గ్లాసు తాగితే మరీ మంచిది. తాగిన వెంటనే పడుకోకండి. మింగడానికి ఇబ్బంది ఉన్న ముసలివాళ్లకి, పక్షవాతం వచ్చినవాళ్లకి అసలు ఇవ్వొద్దు.

మొదట ఒక చెంచాతో మొదలుపెట్టండి. ఒకేసారి మూడు నాలుగు చెంచాలు వేస్తే కడుపు ఉబ్బుతుంది, గ్యాస్ పడుతుంది, "ఇది నాకు పడలేదు" అని డబ్బా అటకెక్కిస్తారు. ఇంకో సంగతి. ఇది రాత్రి వేసుకుంటే పొద్దున్నకి తన్నుకొచ్చే మందు కాదు. ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఓపిక పట్టాలి. బీపీ మాత్రలు, సుగర్ మాత్రలు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు వాటికీ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి. లేకపోతే మాత్ర కూడా ఆ జావలో చిక్కుకుపోతుంది. సుగర్ ఉన్నవాళ్లు తియ్యగా, నారింజ రంగులో వచ్చే రకాలు కొనొద్దు. ఉత్త పొట్టు కొనండి.

సబ్జా గింజలు కూడా ఇలాంటివే. ఇరాన్‌లో షర్బతులో వేసుకుంటారు. మనవాళ్లు ఎండాకాలం చలవకని తాగుతారు. అవీ ముందు నీళ్లలో బాగా నానాకే. పొడిగా నోట్లో వేసుకోకూడదు.

ఇక గునపం సంగతి. సునాముఖి చెడ్డదని నేననట్లేదు. నిఖార్సైన మందు. ఆస్పత్రుల్లో ఇచ్చే మాత్రల్లో కూడా దాని సారం ఉంటుంది. అది పనిచేసే తీరు చిత్రంగా ఉంటుంది. పొట్టలో ఉండగా ఏమీ చెయ్యదు. పెద్దపేగు దాకా నోరెత్తదు. అక్కడుండే సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టాక పేగు గోడని రెచ్చగొడుతుంది. గోడ ముడుచుకుని తోసేస్తుంది. ఇదంతా జరగడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. అందుకే రాత్రి తాగితే పొద్దున్న అవుతుంది. మెలిపెట్టే నొప్పికి కారణం కూడా ఆ రెచ్చగొట్టడమే. పాత హకీములకి ఈ నొప్పి సంగతి బాగా తెలుసు. ఉత్త ఆకు ఇచ్చేవారు కాదు. గులాబీ రేకులు కలిపేవారు, బాదం నూనె రాసేవారు. పొట్లం కట్టిచ్చిన మేడమ్ గారింట్లో ఆ సంగతి తెలిసే ఉంటుంది. విమానం దిగేసరికి ఆకు ఒక్కటే మిగిలింది.

రోజూ వాడితే? ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. నీరసం, కాళ్లు పట్టేయడం. నెలల తరబడి వాడితే పేగు లోపలి గోడ నల్లబడుతుంది. మందు వేసుకుంటేగాని కదలిక రాదనే స్థితిలో పడిపోవచ్చు. డాక్టరు చెప్పకుండా వారానికి మించి వాడొద్దు. గర్భిణులు, బాలింతలు సొంతంగా అసలు వాడొద్దు. పిల్లలకి ఇవ్వొద్దు. మూత్రం పసుపుగానో ఎర్రగానో వస్తే కంగారుపడకండి, ఆ ఆకు రంగే అయ్యుండొచ్చు.

"నేను సునాముఖి వాడటం లేదండీ, ఆయుర్వేద చూర్ణం వాడుతున్నాను" అంటారు కొందరు. ప్యాకెట్టు వెనక చదవండి. సెన్నా అని ఉంటుంది. లేదా సోనాముఖి అని, స్వర్ణపత్రి అని ఉంటుంది. అన్నీ ఒకటే. బజార్లో మలబద్ధకానికి అమ్మే చూర్ణాల్లో చాలావాటికి అదే బలం. రోజూ చెంచాడు చూర్ణం వేసుకునేవాళ్లు రోజూ గునపం దించుతున్నారన్నమాట.

మన రేల చెట్టు తెలుసు కదా. పసుపు పూలు గుత్తులుగా వేలాడతాయి. దాని పొడుగుకాయ లోపలి నల్లగుజ్జు హకీములకి మెత్తని మందు. ఇరాన్‌లో బాబోల్ అనే ఊళ్లో డాక్టర్లు మలబద్ధకం ఉన్న 81 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించి 2012లో ఫలితం ప్రచురించారు. కొందరికి రేల గుజ్జు మందు, కొందరికి మామూలుగా ఇచ్చే నూనె మందు. రేల గుజ్జు తీసుకున్నవాళ్లలోనే ఎక్కువమంది తేరుకున్నారు. బాగుంది. అయితే ఆ మందు కొలతతో తయారైంది, పక్కన డాక్టర్లున్నారు. రోడ్డుపక్క చెట్టు కాయ కోసుకొచ్చి మనవడికి నాకించమని నేను చెప్పట్లేదు.

గుల్కంద్ సంగతి చెప్పకపోతే కిళ్లీ ప్రియులు ఊరుకోరు. గులాబీ రేకులూ పంచదారా పొరలు పొరలుగా సీసాలో వేసి, వారాల తరబడి ఎండలో పెడితే గుల్కంద్. పారసీక వంటింటిదే. రాత్రి ఒక చెంచా, పైన గోరువెచ్చని పాలు. ఒంటికి హాయిగానే ఉంటుంది, మందుగా దాని బలం తక్కువ. సగం పంచదారే కాబట్టి సుగర్ ఉన్నవాళ్లు దూరంగా ఉండండి. ఇంట్లో చేద్దామని కడియం నుంచి పూలు మాత్రం తెచ్చుకోకండి. అవి దండలకి, బొకేలకి పెంచే పూలు. పురుగుమందు కొట్టి ఉంటారు. పెరట్లో మందు కొట్టని నాటుగులాబీ ఉంటే చేసుకోండి.

ఇదంతా కొనుక్కునే సరుకు. కొనక్కర్లేని సరుకు కోనసీమలో ఇంటింటా ఉంది. పారసీక వైద్యులు అంజూరం, ఆల్‌బుఖారా పండు పెడతారు, మన చింతపండు రసం కూడా పోస్తారు. అవన్నీ మెత్తబరిచేవే. మన కరక్కాయ, ఉసిరికాయ, తానికాయ కూడా ఓడెక్కి వాళ్ల దేశం వెళ్లాయి. బాదం నూనె, తేనె పూసుకుని ఇత్రిఫల్‌గా తిరిగొచ్చాయి. అలాంటప్పుడు మనం వేలు పోసి డబ్బా అంజూరం కొనడం దేనికి? నాలుగు ఎండుద్రాక్షలు రాత్రి నానేసుకోండి. జామకాయ గింజలతో సహా తినండి. పనసపొట్టు కూర, అరటి దూట పెరుగుపచ్చడి, అరటిపువ్వు కూర, కందా బచ్చలీ, తోటకూర పులుసు. చలికాలంలో తేగలు. తేగ విరిచినప్పుడు నార చూశారా? ఆ నారే మనకి కావలసింది.

మన వంటింట్లో ఇన్ని ఉండి కూడా మలబద్ధకం ఎందుకొస్తోందంటే, ఇవి ఆదివారం వంటలైపోయాయి. దూట సన్నగా తరిగి, వేలికి నార చుట్టుకుంటూ తియ్యడానికి ఎవరికీ తీరిక లేదు. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం మల్లెపువ్వులాంటి పాలిష్ అన్నం, రాత్రి మళ్లీ అదే అన్నం, మధ్యలో నాలుగు టీలు. రావులపాలెం అరటి మార్కెట్‌కి కూతవేటు దూరంలో ఉండి పండు తినడం మానేశాం. కూర ఎక్కువ, అన్నం తక్కువ చేసి చూడండి.

నార పెంచితే నీళ్లూ పెంచాలి. నీళ్లు లేని నార, నీళ్లు లేని ఇసబ్‌గుల్ లాంటిదే. కిడ్నీ జబ్బు, గుండె నీరసం ఉండి డాక్టరు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు మాత్రం ఆయన్ని అడగకుండా పెంచొద్దు. వాళ్లు ఇసబ్‌గుల్ కూడా అడిగే మొదలుపెట్టాలి.

ఇంకో ముఖ్యమైన సంగతుంది. అసలు ఇదే మొదట చెప్పాల్సిందేమో. ఆపుకోవడం. యునానీ వైద్యులు ఆరోగ్యానికి ఆరు మూలాలు చెప్పారు. గాలి, తిండీ నీళ్లూ, శ్రమా విశ్రాంతీ, నిద్రా మెలకువా, మనసు స్థితి. ఆరోది, ఒంట్లో ఉండాల్సింది ఉండటం, పోవాల్సింది పోవడం. పోవాల్సింది ఆపకూడదని మన ఆయుర్వేదమూ చెప్పింది. మరి మనం? బడిలో మరుగుదొడ్డి బాగోలేదని ఆడపిల్లలు సాయంత్రం దాకా ఆపుకుంటారు. అమలాపురంలో హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్లు మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేస్తారు. గల్ఫ్‌లో పనిచేసే అక్క తెల్లవారుజామున లేచి మేడమ్ గారి పిల్లల్ని బడికి పంపేదాకా తన సంగతి చూసుకోదు. ఆపుకున్న ప్రతిసారీ పేగు ఇంకొంచెం నీళ్లు లాగేసుకుంటుంది. కొన్నాళ్లకి ఆ పిలుపు రావడమే తగ్గుతుంది. దీనికి మందు లేదు. టైము కావాలి. పొద్దున్న ఏదైనా తిన్న తర్వాత, తాగిన తర్వాత పేగు కాస్త కదులుతుంది. ఆ పావుగంట ఇంట్లోవాళ్లు ఒకరికొకరు వదలాలి. పడమటి తరహా కమోడ్ మీద కూర్చునేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే తేలికవుతుంది. సెల్‌ఫోన్ బయట పెట్టి వెళ్లండి.

కొన్ని మాత్రలు కూడా మలబద్ధకం తెస్తాయి. గర్భిణులకిచ్చే ఐరన్ మాత్ర, కొన్ని నొప్పి మాత్రలు. సొంతంగా మానెయ్యకండి, ఇచ్చినవాళ్లకి చెప్పండి.

ఇప్పుడు చెప్పేవి ఏ ఆకుకీ, ఏ పొట్టుకీ లొంగనివి. మలంలో రక్తం పడినా, తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, యాభై దాటాక ఉన్నట్టుండి అలవాటు మారినా ఆస్పత్రికి వెళ్లండి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకుండా ఉంటే అది పేగు అడ్డం పడ్డట్టు. ఆ రాత్రే వెళ్లాలి. అప్పుడు సునాముఖి తాగించారంటే ప్రాణం మీదికొస్తుంది. ఇసబ్‌గుల్ కూడా వద్దు.

మిగతావాళ్లకి వరస అదే. ముందు నానాలి, తర్వాతే కదలాలి. మొదట నీళ్లు, నార, టైము. అవి చాలకపోతే ఇసబ్‌గుల్, నిండుగ్లాసు నీళ్లతో. ఇదంతా చేసినా కాకపోతేనే సునాముఖి, అదీ అడిగి, కొద్దిరోజులు.

చివరగా దాచుకునే సంగతి. ఇసబ్‌గుల్ పని నీళ్లు పట్టుకోవడం కదా. గాలిలో తేమ కనపడినా ఊరుకోదు. మన గోదారి గాలిలో తేమకి కొదవ లేదు. వానాకాలంలో కాగితం పెట్టె విప్పి అలాగే వదిలేస్తే ముద్దకడుతుంది. బిగుతు మూత ఉన్న పొడి సీసాలో పోసుకోండి. తడి చెంచా పెట్టకండి. చిన్న ప్యాకెట్టు కొనుక్కుని, అయ్యాకే ఇంకోటి తెచ్చుకోండి.